పైన పొగలు, నడుమ చల్లన

బద్వేలు, పోరుమామిళ్ల వైపు ఇళ్లలో రాత్రి మిగిలిన సంగటి ముద్దను ఫ్రిజ్‌లోంచి తీసి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెట్టి చూడండి. పైన చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, అంచులు ఎండి పెచ్చు కడతాయి. విరిస్తే నడుమ ఇంకా చల్లగానే ఉంటుంది. మైక్రోవేవ్ తిండిని లోపలి నుంచి వేడి చేస్తుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం తప్పని ఈ ముద్దే చూపిస్తుంది. సెకనుకు సుమారు 245 కోట్ల సార్లు ఊగే ఆ తరంగాలు తిండిలోని నీటి అణువులను కుదిపి వేడి పుట్టిస్తాయి. అయితే వాటి బలమంతా పైనుంచి రెండు మూడు సెంటీమీటర్లలోనే చాలావరకు అయిపోతుంది. అక్కడి నుంచి లోపలికి వేడి మెల్లగా పాకాల్సిందే, పొయ్యి మీద పాకినట్టే. అందుకే తిండి సమంగా వేడెక్కాలంటే పవరు కన్నా దాన్ని పెట్టే తీరు, ఇచ్చే వ్యవధి ముఖ్యం. ముద్దను ముద్దగా పెట్టకండి. చిదిపి, నీళ్లు చిలకరించి, గాజు పళ్లెంలో చుట్టూ పరిచి, నడుమ ఖాళీ వదిలి మూత పెట్టండి.

కింద పళ్లెం తిరుగుతోంది కదా, ఇదంతా ఎందుకని అడగవచ్చు. లోపలి గోడలకు తగిలి వెనక్కి వచ్చే తరంగాలు కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల నీరసపడతాయి. పళ్లెం తిరగడం వల్ల ఆ తేడా కొంత తగ్గే మాట నిజమే, కానీ దాని నడిమధ్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే గిన్నెను కాస్త పక్కకు జరిపి పెట్టాలి, సగంలో ఆపి కలపాలి. నాటుకోడి పులుసుకైతే ఇది తప్పనిసరి. అంచున పులుసు తుకతుక ఉడుకుతున్నా, మందమైన ముక్క లోపల వేడి చాలకపోవచ్చు. మిగిలిన కూరలు లోపలి దాకా 74 డిగ్రీలకు చేరాలని ఆహార నిపుణులు చెబుతారు.

మన పెద్దలు చల్లటి సద్దే తిన్నారు, ఏమైందని ఇంకొందరి మాట. నీళ్లలో వేసిన సంగటి రాత్రంతా పులుస్తుంది. ఆ పులుపు చాలా రకాల చెడు సూక్ష్మజీవులను పెరగనివ్వదు. గిన్నెలో ఊరికే మూతపెట్టి వదిలేసిన అన్నానికి ఆ రక్షణ లేదు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. బయట గంటల తరబడి ఉన్న అన్నంలో అవి మొలిచి, వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల వేడికీ విరగదు. మైక్రోవేవ్ దాన్ని తీసేయలేదు, పొయ్యి కూడా తీసేయలేదు. ఎండ 40 డిగ్రీలు దాటే కడప జిల్లాలో మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. తిరిగి వేడి చేసేటప్పుడు, మోగిన వెంటనే తలుపు తీయకుండా రెండు నిమిషాలు ఆగండి. అంచుల్లోని వేడి నడుమకు చేరేది ఆ రెండు నిమిషాల్లోనే.