రెసిడెన్సీ చెప్పిన పాఠం



పీజీ చదవడానికి హైదరాబాదు వెళ్లిన కొత్తలో మేము పాత పుస్తకాల కోసం కోఠికి వెళ్లేవాళ్లం. అక్కడే మహిళా కళాశాల ఆవరణలో ఒక చరిత్ర గల భవనం ఉందని చాలా రోజుల దాకా మాకు తెలియదు. అదే బ్రిటిష్ రెసిడెన్సీ.

నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌ప్యాట్రిక్ 1803 ప్రాంతంలో దీనిని కట్టించడం మొదలుపెట్టాడు. ఖర్చు నిజాముది. ముందు ఆరు ఎత్తైన స్తంభాలు, లోపల పెద్ద దర్బారు హాలు ఉన్నాయి. 1857లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. 1949లో మహిళా కళాశాల ఇక్కడికి వచ్చింది. దొర కోసం కట్టిన మేడ ఆడపిల్లల చదువులకు నిలయమైంది.

కానీ కాలక్రమేణా భవనం శిథిలమైంది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీనిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగాక 2023లో మళ్లీ తెరిచారు.

పాత భవనాన్ని బాగుచేయడం అంటే రంగు వేయడం కాదు. ఆ కాలపు గోడలు సున్నంతో కట్టినవి. సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. దానిపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని ఇటుకను తినేస్తుంది. అందుకే ముందు కప్పు కారకుండా చూడాలి. గోడల్లో మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా తీయాలి. ఆ తరువాత సున్నంతోనే పూత పూయాలి. రంగు అన్నిటికన్నా చివరి పని.

మా హాస్టల్ రోజుల్లో వార్షికోత్సవానికి ముందు గోడలకు రంగు వేసేవారు. మొదటి వానకే మా ట్రంకు పెట్టెల వెనక చెమ్మ మళ్లీ కనిపించేది. కారే కప్పును మాత్రం ఎవరూ చూడలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అడగాలి. వానాకాలానికి ముందే డాబా మీద చెత్త తీసి, నీరు పోయే గొట్టాలు శుభ్రం చేసుకోవాలి. పూర్వ విద్యార్థులు చందా ఇస్తే మొదట కప్పుకే ఇవ్వాలి.

ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది. తన భూమి కోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన పాలకుర్తి ఐలమ్మ పేరు రెసిడెంటు దొర కోటకు! మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఆ స్తంభాల ముందు నిలబడినప్పుడు మాకు పరాయి చోటు అనిపించలేదు. మనది అనుకున్న భవనాన్ని కాపాడుకోవలసిందీ మనమే కదా!