ఉత్తర్వులో పేరు లేని దేశం: పామాయిల్ బేరానికి రాజకీయపు ముడి

పొరుగు దేశం మీద అసంతృప్తి తెలపడానికి ప్రభుత్వం సైన్యాన్ని కదపనక్కరలేదు. దిగుమతి పట్టికలో ఒక్క మాట మారిస్తే చాలు. 2020 జనవరి 8న కేంద్ర ప్రభుత్వం శుద్ధి చేసిన పామాయిల్, పామోలిన్‌లను 'స్వేచ్ఛా' దిగుమతి నుంచి తప్పించి 'నియంత్రిత' సరుకుల్లో చేర్చింది. అనగా లైసెన్సు లేనిదే సరుకు దిగదు.

ఉత్తర్వులో ఏ దేశం పేరూ లేదు. అయినా దెబ్బ మలేషియాకే అని బజారు వెంటనే గ్రహించింది. అప్పటి మలేషియా ప్రధాని మహాతిర్ మహమ్మద్ 2019 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో కాశ్మీర్ విషయమై భారత్‌ను విమర్శించారు. పౌరసత్వ సవరణ చట్టాన్నీ తరువాత తప్పుపట్టారు. శుద్ధి నూనె అప్పట్లో మనకు ఎక్కువగా వచ్చేది ఆ దేశం నుంచే. ఇండొనేషియా ప్రధానంగా పంపే ముడి నూనెకు ఆంక్ష పెట్టలేదు. మలేషియా ముడి నూనె కూడా కొనవద్దని అధికారులు నోటిమాటగా సూచించినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. కౌలాలంపూర్ వాయిదా బేరాల్లో ధర దిగజారింది.

కాకినాడ, కృష్ణపట్నం వంటి రేవుల్లోని శుద్ధి కర్మాగారాలకు ఈ ఉత్తర్వు అనుకూలించేదే. ముందే శుద్ధి నూనెకు బేరం కుదుర్చుకున్న దిగుమతిదారులు మాత్రం ఇరకాటంలో పడ్డారు. కొంత సరుకు రేవుల్లో నిలిచిపోయింది.

మలేషియా ఎదురుదెబ్బ తీయలేదు. పైగా అక్కడి చక్కెర సంస్థ మన ముడి చక్కెర కొనుగోళ్లు పెంచింది. స్వదేశ రాజకీయాల వల్ల 2020 ఫిబ్రవరిలో మహాతిర్ పదవి వీడారు. మే నెలలో మలేషియా నుంచి కొనుగోళ్లు తిరిగి మొదలయ్యాయి. ఇక్కడ నూనె ధరలు మండిపోగా 2021 జూన్ 30న శుద్ధి నూనెకూ ద్వారం తెరిచారు.

ఇట్టి ఆయుధం పనిచేయాలంటే మరో అమ్మకందారు ఉండాలి. 2020లో ఇండొనేషియా ఉంది. అదే ఇండొనేషియా స్వదేశంలో ధరలు అదుపు చేయడానికి 2022 ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా ఎగుమతులు ఆపినప్పుడు, మనమే మలేషియా వైపు చూడవలసి వచ్చింది.

కనుక వర్తకులు దరవరలతో పాటు విదేశాంగ వార్తలనూ గమనించాలి. ఆంక్షకు ముందే తెరిచిన, రద్దుకు వీలులేని ఎల్.సి.కి వాణిజ్య విధానంలో సాధారణంగా రక్షణ ఉంటుంది. దానిని గడువులోగా నమోదు చేయించాలి. ఉత్తర్వు వేరుగా చెబితే ఆ రక్షణా ఉండదు. దేశాల తగవు ఎప్పుడో తీరుతుంది గాని, రేవులో నిలిచిన సరుకుకు అద్దె, బ్యాంకు వడ్డీ ఆనాటి నుంచే పెరుగుతాయి.