గట్టు మీద ఒక్క మోడెమ్.. క్వారీలో పది పంపులు: వైర్ లేకుండా కనెక్షన్ ఎలా?

నస్పూర్ పక్కనే శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్ట్. గట్టి వాన పడితే క్వారీలో నీళ్లు నిలిచి బొగ్గు పని ఆగిపోతుంది. తోడే పంపు అర్ధరాత్రి ఆగితే పైనున్నోళ్లకు తెలిసేదెలా? కేబుల్ వేస్తే డంపర్ల కింద నలిగిపోతుంది. ఇలాంటి చోటికే రేడియో మోడెమ్‌లు.

గట్టు మీద మాస్టర్, పంపు పంపుకో రిమోట్. అన్నింటికీ ఫ్రీక్వెన్సీ, నెట్‌వర్క్ ఐడీ ఒక్కటే.. అడ్రస్ మాత్రం దేనిది దానికే. రెండింటికి ఒకే నంబర్ ఇచ్చారో, రెండూ ఒకేసారి పలికి డేటా కలగాపులగం! మాస్టర్ హాజరు పిలిచినట్టు వరుసగా అడుగుతుంది, పిలిచిన రిమోటే జవాబిస్తుంది. మాస్టర్‌కు నలుదిక్కులకూ అందే ఓమ్నీ యాంటెన్నా, రిమోట్లకు దానివైపు తిప్పిన యాగీ. మధ్యలో మట్టిగుట్ట అడ్డొస్తే సిగ్నల్ గల్లంతే.

865-867 మెగాహెర్ట్జ్‌లో, పవర్ పరిమితి దాటకుంటే, మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు. అండర్‌గ్రౌండ్ గనులకు ఈ లెక్క కుదరదు, బండ సిగ్నల్‌ను మింగేస్తుంది. ఇంకో మాట.. రిమోట్ పలకకుంటే మూడుసార్లు అడిగి, అలారం మోగేలా సెట్ చేయాలి.