పని తీరిన జాగిలానికి ఇల్లెక్కడ?

మా పూర్వ విద్యార్థి ఒకడు రెండేళ్ళ జాతీయ సేవ ముగించుకొని మమ్మల్ని చూడవచ్చాడు. సేవాకాలంలో అతనికి ఒక లాబ్రడార్ జాగిలాన్ని అప్పగించారట. రోజూ దానికి తిండి పెట్టి, ఒళ్ళు దువ్వి, దాన్ని వెంటబెట్టుకొని సోదాలకు వెళ్ళేవాడు. మాటల మధ్యలో, "మాస్టారూ, నేను ఇంటికి వచ్చేశాను, అది మాత్రం అక్కడే ఉండిపోయింది" అన్నాడు. నీతో తెచ్చుకోలేకపోయావా అని అడగబోయి ఆగిపోయాము. అతనిది మూడు గదుల ఫ్లాటు. పైగా ఆ జాగిలం అతనిది కాదు, ప్రభుత్వానిది.

ఆ రోజు నుండి ఈ విషయం మా మనసులో మెదులుతూనే ఉంది. ప్రభుత్వం కొని, శిక్షణ ఇచ్చి, పనిచేయించుకొనే జాగిలం రాత్రి ఎక్కడ పడుకోవాలి? దాన్ని నడిపించే హ్యాండ్లరు ఇంట్లోనా, ప్రభుత్వం కట్టించిన కెన్నెలులోనా? పని చేయలేని వయసు వచ్చాక ఎక్కడికి పోవాలి? పాఠకులకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని పనితో ముడిపడిన ఇంటి సంగతి మనకంటే బాగా తెలిసినవారు ఎవరుంటారు?

ముందుగా లోకంలోని పద్ధతులు చూద్దాము. ఇంగ్లండులో పోలీసు జాగిలం సాధారణంగా హ్యాండ్లరు ఇంటి దగ్గరే ఉంటుంది. డ్యూటీ ముగియగానే ఇద్దరూ ఒకే బండిలో ఇంటికి చేరుకుంటారు. అమెరికా పోలీసు శాఖల్లోనూ ఎక్కువగా ఇదే వాడుక. సైన్యం సంగతి వేరు. సైనిక జాగిలాలు స్థావరంలోని కెన్నెళ్ళలోనే ఉంటాయి. మన తెలుగునాట, హైదరాబాదు దగ్గర మొయినాబాదులో ఉన్న పోలీసు శిక్షణ కేంద్రంలో జాగిలానికీ హ్యాండ్లరుకూ జంటగా శిక్షణ ఇస్తారు. ఒకరి అలవాట్లు మరొకరికి తెలియాలన్నదే దాని ఉద్దేశం.

ఇంట్లో ఉంచడం వల్ల లాభాలు లేకపోలేదు. అర్ధరాత్రి పిలుపు వస్తే హ్యాండ్లరు ముందు కెన్నెలుకు వెళ్ళనక్కరలేదు, నేరుగా పనికి బయలుదేరవచ్చు. జాగిలం తిండి తగ్గినా, కాలు ఈడ్చినా మొదట కనిపెట్టేది ఇంటివారే. పిల్లల అల్లరికీ వంటింటి చప్పుళ్ళకూ అలవాటుపడిన జాగిలం జనసమ్మర్దంలో బెదరదు.

నష్టాలూ ఉన్నాయి. జాగిలాన్ని పనికి అలవాటు చేసేది చాలావరకు బహుమతి ఆశ. దాచిన వస్తువును వాసనతో పట్టుకోగానే హ్యాండ్లరు ఒక బంతి ఇస్తాడు. ఆ బంతి కోసమే అది ఎండను కూడా లెక్కచేయక వెతుకుతుంది. ఇంటిల్లిపాదీ పగలంతా దానితో బంతులాడితే ఆ బహుమతికి విలువేముంటుంది? బడిలో ప్రతి చిన్న పనికీ మిఠాయి పంచిపెడితే పిల్లలు ఏమవుతారో మా వంటి ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. ఇక దొంగను పట్టుకోవడానికి తయారైన జాగిలాన్ని పసిపిల్లలున్న ఇంట్లో ఉంచాలంటే వేయి జాగ్రత్తలు కావాలి.

మరొక చిక్కు కూడా ఉంది. జాగిలం ఇంట్లో ఉంటే హ్యాండ్లరు పని ఎప్పుడు ముగిసినట్లు? ఈ ప్రశ్న అమెరికాలో న్యాయస్థానాల దాకా వెళ్ళింది. న్యూయార్కు రవాణా సంస్థకు చెందిన జాగిలాల హ్యాండ్లర్ల వ్యాజ్యంలో 1995లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇంటి దగ్గర జాగిలానికి తిండి పెట్టడం, నడిపించడం, శుభ్రం చేయడం జీతం ఇవ్వవలసిన పనే. కాని అది బండిలో ఊరికే కూర్చున్నంత మాత్రాన ఆ ప్రయాణమంతా పని కాదు, దారిలో దాని అవసరం చూసినంత సేపే పని. మన పెద్దలు రబ్బరు పాలు తూకం వేయించుకోవడానికి వరుసలో నిలబడిన గంటలను ఎవరైనా ఇలా లెక్కగట్టారా అని మాకు అనిపించింది.

ఇప్పుడు మన సింగపూరుకు వద్దాము. ఇక్కడ పోలీసు కె-నైన్ దళమూ, సాయుధ దళాల జాగిలాల దళమూ రెండూ చువా చు కాంగ్ ప్రాంతంలోని మౌబ్రే క్యాంపులో ఉన్నాయి. జాగిలాలు అక్కడి కెన్నెళ్ళలోనే పడుకుంటాయి. హ్యాండ్లర్లు తమ తమ ఇళ్ళకు పోతారు. దీనికి ముఖ్యంగా రెండు కారణాలు మాకు కనిపిస్తున్నాయి.

మొదటిది మన ఇళ్ళు. ఈ దేశవాసులలో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది హెచ్.డి.బి. ఫ్లాట్లలోనే ఉంటున్నారు. ఫ్లాటుకు ఒకే కుక్క, అదీ ప్రభుత్వం అనుమతించిన 62 చిన్న జాతులలో ఒకటి కావాలి. అనుమతి లేని కుక్కను పెంచితే 4,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. జర్మన్ షెపర్డుకు గాని, బెల్జియన్ మాలిన్వాకు గాని ఆ జాబితాలో చోటు లేదు. ఇవి సొంత స్థలమున్న ఇళ్ళలో పెరిగినా బయటికి వచ్చేటప్పుడు మూతికి చిక్కం తప్పనిసరి. ఇరుకు లిఫ్టులో పదిమందితో పాటు ఎక్కే పెద్ద కుక్కను తలచుకుంటే ఈ నిబంధన అర్థమవుతుంది. మన పక్కింటి మలాయ్ పెద్దమ్మగారికి కుక్క లాలాజలం తగిలితే ప్రార్థనకు ముందు శుద్ధి చేసుకోవాలి. ఇరుగుపొరుగుల మర్యాద కూడా చట్టంతో సమానమే.

రెండవది జాతీయ సేవ. సైనిక జాగిలాలను నడిపించేవారిలో సేవాకాలపు యువకులు ఉన్నారు. వారు రెండేళ్ళలో వెళ్ళిపోతారు. జాగిలం మాత్రం అంతకు ఎన్నో ఏళ్ళు ఎక్కువగా పనిచేస్తుంది. ప్రతి హ్యాండ్లరూ దాన్ని తన ఇంటికి తీసుకుపోతే, రెండేళ్ళకొకసారి అది ఒక ఇల్లు పోగొట్టుకోవలసి వస్తుంది. అంతకన్నా మారని కెన్నెలే మేలు కదా. మా విద్యార్థికి ఈ మాటే చెప్పాము. అతడు ఒప్పుకున్నాడు. అయినా అతని కళ్ళలో తడి ఆరలేదు.

కనుక పనిచేసినన్నాళ్ళు కెన్నెలు సబబే. అసలు ప్రశ్న పని తీరిన తరువాత మొదలవుతుంది.

ఒకప్పుడు అమెరికా సైన్యంలో పని తీరిన జాగిలాలను ప్రజలకు పెంపకానికి ఇచ్చేవారు కారు. చాలావాటిని చంపివేసేవారు. 2000 సంవత్సరంలో అక్కడ ఒక చట్టం వచ్చిన తరువాతే వాటిని హ్యాండ్లర్లు, ఇతర కుటుంబాలు తీసుకొనే వీలు కలిగింది. మన దగ్గర అడ్డుపడింది ఫ్లాటు నిబంధన. సొంత స్థలమున్న ఇల్లో, ప్రైవేటు ఇల్లో ఉన్నవారే పెద్ద జాగిలాన్ని తీసుకోగలిగేవారు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన హ్యాండ్లరు హెచ్.డి.బి. ఫ్లాటులో ఉంటే దాన్ని ఇంటికి తెచ్చుకొనే దారి లేకపోయింది.

2017లో ప్రభుత్వం ఈ తలుపు కొంత తెరిచింది. ఊరకుక్కలకు ఫ్లాట్లలో ఆశ్రయం కల్పించడానికి 2012లో మొదలైన అడోర్ అనే పథకాన్ని విస్తరించి, పోలీసు, సాయుధ దళాలలో వాసనతో సోదాచేసి విశ్రాంతి పొందిన జాగిలాలను కూడా ఫ్లాట్లలో పెంచుకొనే అవకాశం ఇచ్చింది. లాబ్రడార్లు, స్పానియళ్ళు ఇటువంటి పనిచేసే జాతులు. స్వభావం సాధువైనవి, జనంలో తిరిగినవి. ఇది మెచ్చుకోదగిన పని. కాని కాపలా కాసిన జర్మన్ షెపర్డులకు ఈ తలుపు తెరుచుకోలేదు. వాటికి ఇంకా సొంత స్థలమున్న ఇళ్ళే దిక్కు.

ఇంతవరకు చదివిన పాఠకులు, ఈ మాస్టారికి కుక్కల గొడవ ఎందుకు అని అడగవచ్చు. మనుషులను కుక్కలతో పోలుస్తున్నామని దయచేసి ఎవరూ భావించవద్దు. మా ఆలోచన ఇది. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి తీరాల నుండి మలయా తోటలకు వచ్చిన మన పెద్దలకు కంపెనీ లైను ఇళ్ళు ఇచ్చింది. ఒప్పంద కూలి పద్ధతి మలయాలో 1910లో ఆగిపోయినా లైను ఇల్లు మాత్రం ఆగలేదు. పని ఉన్నన్నాళ్ళే ఇల్లు. చెయ్యి వణికి కత్తి పట్టలేని నాడు, తోట చేతులు మారిన నాడు, ఆ ఇల్లు మనది కాదని తెలిసేది. మా తాతగారు జొహోరులో ముప్పై ఏళ్ళకు పైగా రబ్బరు గీసి, ఒక పెట్టె, రెండు కుండలు తీసుకొని కొడుకు ఇంటికి వచ్చారు. వాకిట్లో తాను నాటిన మునగచెట్టును గురించి చివరిదాకా చెబుతూనే ఉండేవారు. పనితో వచ్చి పనితో పోయేది వసతి మాత్రమే, ఇల్లు కాదు. ఇల్లు అంటే పని చేయలేనినాడు కూడా రమ్మనేది.

ఆ అనుభవం ఉన్నవారం కనుక మనకు ఈ ప్రశ్న అడిగే హక్కు కొంత ఉన్నదని మా విశ్వాసం. పనిలో చేర్చుకొన్ననాడే, పని తీరినాక ఎక్కడ ఉంటుందో కూడా నిర్ణయించాలి. జాగిలాన్ని చివరిగా నడిపించిన హ్యాండ్లరును ముందుగా అడగాలి. అతనికి వీలు కాకపోతే అంతకుముందు నడిపించినవారిని అడగాలి. కీళ్ళ నొప్పులతో, మసకబారిన చూపుతో వచ్చే ముసలి జాగిలానికి మందుల ఖర్చు తీసుకొన్నవారి మీదే పూర్తిగా పడకుండా చూడాలి. సేవ పొందినవారు వార్ధక్యం బరువులో పాలు పంచుకోవడం న్యాయమే కదా.

మన సోదర సోదరీమణులలో ఎవరికైనా ఇటువంటి జాగిలాన్ని పెంచుకోవాలని ఉంటే ఒక మనవి. జాలితో తొందరపడవద్దు. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా, పగలు దాని దగ్గర ఎవరుంటారు, పక్కింటివారితో ముందుగా మాట్లాడారా, వైద్యం ఖర్చు భరించగలరా అని చూసుకోండి. ఏళ్ళ తరబడి ఒక క్రమానికి అలవాటుపడిన జీవి అది. తిండి, నడక, నిద్ర వేళ తప్పకుండా జరగాలి. మీ ఇంటి పద్ధతి నేర్చుకోవడానికి దానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

మా విద్యార్థి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. తన లాబ్రడార్ విశ్రాంతి పొందే సంవత్సరం ఎప్పుడో లెక్క వేసుకొని ఉన్నాడట. ఆ రోజున దరఖాస్తు పెట్టుకుంటానని చెప్పాడు. వాళ్ళమ్మ మొదట వద్దన్నది. ఇప్పుడు మెత్తబడి, వంటింటి గుమ్మం దగ్గర కొంచెం చోటు ఉన్నదిలే అంటున్నదట.