జెల్ కట్టును ఫ్రీజర్‌లో పెట్టవచ్చా?

మంచం పట్టిన రోగికి పడకపుండు పడినప్పుడు, షుగర్ రోగికి కాలిపుండు త్వరగా మాననప్పుడు, డాక్టరుగారు గాజుగుడ్డకు బదులు మెత్తని జెల్ కట్టు రాసి ఇవ్వవచ్చు. దాన్ని ఇంటికి తీసుకువెళ్ళాక చాలామందికి ఒక సందేహం వస్తుంది. "ఎండాకాలం కదా, ఫ్రీజర్‌లో పెడితే పాడవకుండా ఉంటుందేమో?" పెట్టకూడదు. ఎందుకో తెలుసుకుందాం.

హైడ్రోజెల్ అంటే ఏమిటి?

సబ్జా గింజలను నీళ్ళలో వేస్తే కాసేపటికి ఒక్కొక్క గింజ చుట్టూ మెత్తని పొర ఉబ్బుతుంది. ఆ పొరలో ఉన్నది చాలావరకు నీరే. అయినా అది కారిపోదు. కంటికి కనిపించని సన్నని పోగులు వలలాగా అల్లుకుని నీటిని పట్టి ఉంచుతాయి. ఇలా నీటిని పట్టి ఉంచే వలనే హైడ్రోజెల్ అంటారు. కొన్ని జెల్స్‌లో నూటికి తొంభై పాళ్ళు నీరే ఉంటుంది. ఈసీజీ తీసేటప్పుడు ఛాతీకి అంటించే స్టిక్కర్ మధ్యలో ఉండేదీ ఇలాంటి జెల్లే.

ఈ వలను ప్రకృతిలో దొరికే పదార్థాలతో అల్లవచ్చు. సముద్రపు నాచు నుండి ఆల్జినేట్, రొయ్యల పొట్టు నుండి కైటోసాన్, పశువుల చర్మం, ఎముకల నుండి జెలటిన్ తీస్తారు.

పుండుకు తడి మంచిదేనా?

పుండు ఎండితేనే మానుతుందని మన పెద్దల నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద పరీక్షించి, గాలికి వదిలేసిన గాయం కంటే కప్పి తేమగా ఉంచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెండింతలు వేగంగా కమ్ముకుంటుందని చూపించారు. జెల్ కట్టు చేసే పని అదే. పొడిబారిన పుండుకు తగినంత తేమ ఇస్తుంది.

ఫ్రీజర్‌లో ఏమవుతుంది?

టమాటాను ఫ్రీజర్‌లో పెట్టి తీసి చూడండి. కరిగాక మెత్తబడి నీరు కారుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బుతుంది. మంచు పలుకులు లోపలి గోడలను చీల్చేస్తాయి. జెల్‌లోని వలకూ ఇదే గతి పట్టవచ్చు. కరిగాక పైకి బాగానే కనిపించినా అది ముందులాగా నీటిని పట్టి ఉంచలేకపోవచ్చు, తేలికగా చిరిగిపోవచ్చు.

శాస్త్రవేత్తలు ఏం చేస్తున్నారు?

చలి ప్రదేశాల్లోనూ గడ్డకట్టని, కీలు దగ్గర వంచినా చిరగని జెల్స్ కోసం ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఇందులో రెండు ఉపాయాలు ముఖ్యం.

మొదటిది బలం. ఒక వల బదులు రెండు వలలను కలిపి అల్లుతారు. లాగినప్పుడు ఒక వలలోని ముడులు విడిపోతూ ఆ దెబ్బను తాము తీసుకుంటాయి. రెండో వల సాగుతూ ఆకారాన్ని కాపాడుతుంది. 2012లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆల్జినేట్‌ను మరో కృత్రిమ పదార్థంతో కలిపి, తన పొడవుకు ఇరవై రెట్లు సాగే జెల్ తయారుచేశారు. అందులోనూ నూటికి తొంభై పాళ్ళు నీరే.

రెండవది చలిని తట్టుకోవడం. కుల్ఫీ చేసేవారు ఐసులో ఉప్పు కలుపుతారు కదా! ఉప్పునీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. గ్లిజరిన్‌కూ ఈ గుణం ఉంది. అది నీటి అణువులను పట్టుకుని, అవి మంచుగా పేరుకోకుండా అడ్డుపడుతుంది. మూడింట రెండు వంతులు గ్లిజరిన్ ఉన్న నీరు మైనస్ 40 డిగ్రీల వద్ద కూడా గడ్డకట్టదు. పుండు మీద ఉప్పు ఎక్కువైతే మంట పుడుతుంది. అందుకే చర్మానికి తగిలే జెల్స్‌లో గ్లిజరిన్ అనువైనది. అయితే అది మోతాదు మించితే వల అల్లిక మారిపోవచ్చు. బలం, చలిని తట్టుకోవడం, చర్మానికి హాని చేయకపోవడం, ఈ మూడూ ఒకే జెల్‌లో కుదరడమే కష్టం.

మీకు ఇచ్చిన కట్టు అలాంటిదని అనుకోకండి. మామూలు జెల్‌గానే భావించి జాగ్రత్తపడండి.

ఇంట్లో మీరు చేయవలసినవి

1. పెట్టె మీద రాసిన వేడిమి హద్దు చదవండి, లేదా చదివించుకోండి. ఎండ తగలని చల్లని చోట ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

2. పొరపాటున గడ్డకడితే కరిగించి వాడకండి. కొత్తది తీసుకోండి.

3. చల్లగా ఉంటుందని ఇంట్లోని గ్లిజరిన్, ఐసు పుండు మీద పెట్టకండి.

4. నీరు ఎక్కువగా కారే పుండుకు జెల్ సరిపడదు. నల్లబడి ఎండిపోయిన కాలివేలికి సొంతంగా జెల్ పెట్టవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి.

5. ఆల్జినేట్ కట్టు తీసినప్పుడు పసుపురంగు జిగురు కనిపిస్తే అది చీమే కానక్కరలేదు, కట్టు కరిగి అలా కావచ్చు. కానీ దుర్వాసన, జ్వరం, పెరుగుతున్న ఎరుపు, వాపు, నొప్పి ఉంటే ఆలస్యం చేయకండి.

6. రోగికి రొయ్యలు పడకపోతే కట్టు వేయకముందే నర్సుకు చెప్పండి.

కట్టు ఎంత మంచిదైనా, అది పాడవకుండా చూసి, వేళకు మార్చేది ఇంట్లో ఉన్న మీరే. సందేహం వస్తే ఊహించుకోకండి. డ్రెస్సింగ్ గదిలో ఉన్న సిస్టర్‌ను అడగండి.