గుంజాల గోండి పాఠ్యాల విశ్లేషణ – పైథాన్‌లో ఐచ్ఛిక గ్రాఫికల్ టూల్‌కిట్‌ల నిర్వహణ

ఉపోద్ఘాతం:
ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో లభించిన రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గోండి లిపికి 2018లో యూనికోడ్ 11.0 స్థానం కల్పించింది. తద్వారా ఆ పాఠ్యాలను కంప్యూటరులో నమోదు చేసి, పదాల ఆవృత్తిని, వాక్యనిర్మాణాన్ని పరిశీలించే వీలు కలిగింది. ఇందుకు ఉపకరించే పైథాన్ సాధనాలలో ఎన్‌ఎల్‌టీకే ఒకటి. దానిని ఇన్‌స్టాల్ చేసే పరిశోధకులు లెక్కించే భాగాన్ని, తెరపై చూపించే భాగాన్ని వేరుగా గుర్తించడం అవసరం.

ఇన్‌స్టాలేషన్‌లోని భేదం:
ఆవృత్తి గణనకు విండో అక్కరలేదు. వాక్యవృక్షాన్ని విండోలో గీయడానికి మాత్రం టికింటర్ కావాలి. ఇది పైథాన్ ప్రామాణిక లైబ్రరీలోనిదే అయినా, ఉబుంటు, డెబియన్ వ్యవస్థలు దీనిని విడి ప్యాకేజీగా అందిస్తాయి. అందువల్ల పిప్ దీనిని తీసుకురాలేదు; ఏపీటీ ద్వారా 'పైథాన్3-టీకే' ప్యాకేజీని చేర్చాలి. రేఖాచిత్రాలకు ఉపయోగపడే మ్యాట్‌ప్లాట్‌లిబ్ సంగతి వేరు. ఎన్‌ఎల్‌టీకే పేరు పక్కన చతురస్ర కుండలీకరణాలలో 'ప్లాట్' అనే ఐచ్ఛిక విభాగాన్ని పేర్కొంటే పిప్ దానినీ తెస్తుంది. తెర లేని సర్వరులో సైతం అది 'ఆగ్' పద్ధతిలో చిత్రాన్ని ఫైలుగా భద్రపరచగలదు.

లిపికి సంబంధించిన చిక్కు:
గుంజాల గోండి అక్షరాలు యూనికోడ్‌లోని మొదటి 65,536 స్థానాలకు వెలుపల ఉన్నాయి. పాత పైథాన్ 3 సంచికలలో టికింటర్ ఆ హద్దు దాటిన అక్షరాన్ని స్వీకరించక దోషసందేశం ఇచ్చేది. తెలుగు లిపి ఆ హద్దులోపలే ఉన్నందున, తెలుగు పాఠ్యంతో మాత్రమే పరీక్షించినవారికి ఈ లోపం కనిపించేది కాదు. విండో నిరాకరించిన ఆ గోండి పాఠ్యాన్నే లెక్కింపు భాగం నిరాటంకంగా చదవగలిగేది. కనుక విండో తెరుచుకోనంత మాత్రాన పాఠ్యం చెడిపోయిందని నిర్ణయించరాదు.

పాటించవలసిన పద్ధతులు:
1. టూల్‌కిట్‌ను తప్పనిసరి జాబితాలో కాక ఐచ్ఛిక విభాగంలో చేర్చాలి. పిప్‌కు అందని టికింటర్ వంటి వాటిని సూచనలలో విడిగా పేర్కొనాలి.
2. ప్రోగ్రాము ఆరంభంలో కాక, బొమ్మ గీసే ఫంక్షన్‌లోనే దానిని ఇంపోర్ట్ చేయాలి.
3. అది లేనప్పుడు ఏ ప్యాకేజీ అవసరమో స్పష్టంగా తెలిపి, వృక్షాన్ని అక్షరరూపంలో చూపాలి. ఎన్‌ఎల్‌టీకేలోని 'ప్రెటీ ప్రింట్' ఇందుకు ఉపకరిస్తుంది.

ముగింపు:
టూల్‌కిట్‌ను తప్పనిసరి చేస్తే, ఒక విండో లోపం వల్ల మొత్తం విశ్లేషణ నిలిచిపోతుంది. ఐచ్ఛికంగా ఉంచితే చిత్రం ఆగినా పరిశోధన సాగుతుంది. ఆలస్యంగా యూనికోడ్‌లో చేరిన లిపులకు ఈ విభజన మరింత ఆవశ్యకం.