ఇనుము కోత: పట్నం పంపుదామా, షెడ్డులోనే చేసుకుందామా?



కోత అనగానే మీకు వరికోత గుర్తుకు వస్తుంది. ఈ వేళ మనం మాట్లాడుకోబోయేది ఆ కోత కాదు, ఇనుము కోత. దమ్ము చక్రాలకు యాంగిల్ ముక్కలు, గొర్రు చట్రానికి గొట్టాలు, ట్రాలీ తలుపులకు పట్టీలు, ఇవన్నీ కొలత ప్రకారం కోసి పెడితేనే గదా వెల్డింగు మొదలయ్యేది!

మీ ఊరి రైతుల సంఘానికి చిన్న మరమ్మతు షెడ్డు ఒకటి ఉన్నదనుకోండి. వెల్డింగు అక్కడే జరుగుతుంది. కోతకు మాత్రం ఇనుమును పట్నంలోని దుకాణానికి పంపుతారు. మామూలు రోజుల్లో దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. కాని జూన్, జూలై నెలల్లో కాలువకు నీరు రాగానే అందరికీ ఒక్కసారే దమ్ము పని పడుతుంది. అప్పుడే చక్రం విరుగుతుంది. నాలుగు యాంగిల్ ముక్కల కోసం ట్రాక్టరు గట్టున నిలబడుతుంది. "మనమే ఒక కటింగు మిషను కొనేద్దాం" అని ఒకరంటారు. "పదిహేను రూపాయల కోతకు మిషను ఎందుకయ్యా?" అని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది. తగవు తీర్చవలసింది కాగితమూ కలమూ.

మొదట ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక ఏడాదిలో ఎన్ని కోతలు పంపారు, ఏ రకం ఇనుము, ఎంత మందం, ఎన్నిసార్లు బండి వెళ్లింది, ఎవరు వెంట వెళ్లారు, ఎన్ని ముక్కలు కొలత తప్పి వచ్చాయి, ఇవన్నీ రాయండి. ట్రాక్టరు పని లేక నిలిచిన రోజులు వేరే వరుసలో రాయండి.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు చెప్పే అంకెలు. మీ ఊరి ధరలు మీరు వేసుకోవాలి. ఏడాదికి 1,200 కోతలు, కోతకు 15 రూపాయలు చొప్పున 18,000 రూపాయలు. బండి 24 సార్లు వెళ్లింది. సారికి బాడుగ 500, వెంట వెళ్లిన మనిషి సగం రోజు కూలి 300, అంటే 19,200 రూపాయలు. కొలత తప్పి పాడైన ముక్కలకు 1,800. మొత్తం 39,000 రూపాయలు. అనగా దుకాణదారు అడిగేది 15 రూపాయలే అయినా, మనకు కోత ఒక్కింటికి పడేది 32 రూపాయల 50 పైసలు!

ఇక సొంత మిషను సంగతి. 14 అంగుళాల కటింగు మిషను, బల్ల, వైరింగు, కళ్లద్దాలు అన్నీ కలిపి 20,000 రూపాయలు అయినాయనుకోండి. అయిదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏటా అరుగుదల 4,000. నూటికి 12 చొప్పున వడ్డీ 2,400. మరమ్మతులకు 2,000. ఈ 8,400 రూపాయలు మిషను తిరిగినా తిరగకపోయినా తప్పవు. ఎద్దుకు పని లేని రోజున కూడా మేత వేయాలి గదా!

తక్కిన ఖర్చులు పనిని బట్టి ఉంటాయి. ఒక కటింగు వీలుకు 40 కోతలు వస్తే 30 వీళ్లు కావాలి. ఒక్కొక్కటి 150 చొప్పున 4,500 రూపాయలు. కరెంటుకు 600. గీత గీసి, బిగించి, కోసి, అంచు రుద్దడానికి కోతకు 6 నిమిషాలు పడితే మొత్తం 120 గంటలు, అంటే 15 రోజుల పని. పనివాడికి రోజుకు 800 చొప్పున 12,000 రూపాయలు. ఇనుము తేవడానికి 6 సార్లు బండి వెళితే 4,800. అన్నీ కలిపి 30,300 రూపాయలు. ఏటా 8,700 రూపాయలు మిగులుతాయి.

అయితే రెండు విషయాలు ఆలోచించండి. కోతలు 400 మాత్రమే ఉండి, రాకపోకలు కూడా అదే లెక్కన తగ్గితే, బయట ఖర్చు 13,000. సొంతంగా అయితే 15,700. అనగా 2,700 నష్టం. ఈ అంకెల ప్రకారం సుమారు 590 కోతలు దాటితేనే మిషను తన మేత తాను సంపాదించుకుంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. 24 సార్లకు బదులు, పని ముందుగా కూడబెట్టి 12 సార్లే పంపితే బయట ఖర్చు 29,400కి దిగుతుంది. మిషను కొనకుండానే దాని కంటె చౌక! కాబట్టి మన సొమ్ము పోతున్నది కోతలోనా, దారిలోనా అన్నది ముందు తెలుసుకోవాలి. ముందుచూపు లేక మాటిమాటికీ బండి కడుతున్నట్లయితే, దానికి మందు మిషను కాదు, జాబితా. మే నెలలోనే చక్రాలన్నీ చూసి, కావలసిన ముక్కలు ఒకేసారి కోయించి పెట్టుకోండి. అలా చేసినా దమ్ము రోజుల్లో అనుకోకుండా విరిగే పనే ఎక్కువగా ఉంటే, నోటుపుస్తకంలోని ఆ వేరే వరుస చూడండి. ట్రాక్టరు నిలిచిన రోజుల నష్టమే మిషను కొనమని చెబుతుంది.

కొన్నా సరే, అన్ని కోతలూ ఇంటికి తెచ్చుకోకండి. యాంగిలు, పట్టీ, గొట్టం, కడ్డీ, ఇలాంటి తిన్నని కోతలు షెడ్డులో చేసుకోండి. మందపు రేకులో గుండ్రని కోతలు, వంకర కోతలు గ్యాసుతోనో ప్లాస్మాతోనో చేయవలసినవి. ఏడాదికి పది పడితే అవి పట్నంలోనే చేయించండి. పోత ఇనుము మామూలు గ్యాసు కోతకు లొంగదు. లారీ కమాను పట్టీ వంటి గట్టి ఉక్కును బాగా వేడెక్కిస్తే దాని గుణం మారిపోతుంది. అలాటి పనికి మన కమ్మరి చేతివాటం ఇప్పటికీ విలువైనది.

కొలత వేసేటప్పుడు వీలు తినే ఇనుమును మరువకండి. కోతకు సుమారు 3 మిల్లీమీటర్లు పోతుంది. 6 మీటర్ల యాంగిలులో 300 మిల్లీమీటర్ల ముక్కలు 20 వస్తాయని నోటిలెక్క చెబుతుంది. నిజానికి 19 మాత్రమే నిండుగా వస్తాయి. చివరిది 243 మిల్లీమీటర్లే ఉంటుంది.

కరెంటు సంగతి ఒకటి. పంపుసెట్టుకు ఇచ్చిన వ్యవసాయ కరెంటును షెడ్డు మిషనుకు వాడకూడదు. దీనికి వేరే కనెక్షను, మంచి ఎర్తు ఉండాలి.

ఇక అన్నిటికంటె పెద్ద లెక్క, మనిషి లెక్క. పోయిన కన్ను ఏ లాభంతోనూ తిరిగి రాదు. కళ్లద్దాలు లేనిదే మిషను ముట్టరాదు. కండువా, వేలాడే పంచె, వదులు చొక్కా పనికిరావు. వీలు మీద అచ్చువేసిన వేగం మిషను వేగానికి తక్కువ కాకూడదు. గడువు తీరినది, తడిసినది, బీట వారినది పారవేయండి. పొడుగు వైపును బిగించి దిమ్మె పెట్టండి. తెగే ముక్క స్వేచ్ఛగా పడాలి, లేకపోతే వీలు నొక్కుకొని పగులుతుంది. నిప్పురవ్వలు దూరం పోతాయి గనుక గడ్డివామి, డీజిలు దగ్గర లేకుండా చూడండి. డీజిలు గాని పురుగుమందు గాని ఉంచిన పాత డ్రమ్మును ఎన్నడూ కోయవద్దు. ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి పేలుతుంది.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. సంఘంలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు మిషను మంచిదా చెడ్డదా అని చెప్పవద్దు. నోటుపుస్తకం తెరిపించి, లెక్క సభ్యులందరి ఎదుట వేయించండి. ఆ డబ్బు సభ్యులది. అందరూ చూసిన లెక్క మీద నిర్ణయం జరిగితే, లాభం వచ్చినా రాకపోయినా తర్వాత మాట పడనక్కర లేదు.

ఈ ఏడు పుస్తకం పెట్టండి. వచ్చే ఏడు దమ్ముకు ముందే లెక్క తేల్చండి. పట్నం దుకాణమైనా, మన షెడ్డయినా, నీరు వచ్చిన రోజున ట్రాక్టరు గట్టున కాక చేలో ఉండాలి. మనకు కావలసినది అదే.